బొడ్డుకు కట్టిన పట్టుపోగు

పోయిన వారం చౌడేశ్వరిని పెనుకొండ స్టేషన్లో తిరుగు బండి కోసం బెంచీ మీద కూర్చోబెట్టి వదిలేశాం. హిందూపురంలో టీచర్ ట్రైనింగులో చేరడానికి ధర్మవరంలో బండెక్కిన పిల్ల మధ్యలో పెనుకొండలో ఎందుకు దిగిందో చదివినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. చదవనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. అదే పెట్టెలో ఒక తల్లి ఒళ్ళో ఎనిమిది రోజుల బిడ్డ దవడలు బిగుసుకుపోయి, పాలు పట్టక, వెనక్కి వంగిపోతోంది. ఆ తల్లికి తోడెవరూ లేరు. చౌడేశ్వరి బిడ్డను ఎత్తుకుని ఆస్పత్రికి పరుగెత్తింది. బిడ్డ దక్కలేదు. అప్పుడు నర్సు యశోదమ్మ ఆ తల్లిని అడిగింది ఒకటే మాట. "బొడ్డు దేంతో కోసినారమ్మా?" "మా కొడవలితోనే." మట్టి తగిలిన ఇనుము బొడ్డుకు తగిలితే వచ్చే ధనుర్వాతం ఇది అని యశోదమ్మ చెప్పింది. అది విని గోడకు ఆనుకుని కూలబడింది ఆ తల్లి కాదు, చౌడేశ్వరి.

మూడు రోజులు ఆమె యశోదమ్మ ఇంట్లోనే ఉండిపోయింది. ఒక కాన్పు దగ్గరుండి చూసింది. ఇక బడిపంతులమ్మ అయ్యేది లేదని ఆ మూడు రోజుల్లోనే తేల్చుకుంది. అనంతపురంలో రెండేళ్ళ నర్సు ట్రైనింగుకు ఫారం చేతికొచ్చింది. దాని మీద తండ్రి సంతకం కావాలి. రేపు సాయంత్రంలోగా అది యశోదమ్మకు చేరకపోతే ఈ ఏటికి ఆ దారి మూసుకున్నట్టే.

ఇక ధర్మవరం వద్దాం.

నేతగాళ్ళ వీధిలోకి ఆమె అడుగుపెట్టేసరికి పన్నెండు దాటింది. జూన్ నెల వచ్చినా ఎండ తగ్గలేదు. ట్రంకు పెట్టె భుజం మార్చుకుంటూ నడుస్తోంది. ఆ వీధిలో పది చదివిన మొదటి ఆడపిల్ల ఆమె. ట్రైనింగుకు బయల్దేరకముందే వీధి వీధంతా ఆమెకు ఉద్యోగం ఇచ్చేసింది. "ఏం టీచరమ్మా, అప్పుడే సెలవులిచ్చిరా?" అని అరుగు మీంచి ఉలిగమ్మ నవ్వింది. టీచరమ్మ అన్న పేరు ముందు వాడింది చౌడేశ్వరి తండ్రి చెన్నకేశవులే. నెల రోజులుగా ఆయన కూతుర్ని పేరు పెట్టి పిలవడమే మానేశాడు.

ఆయన మగ్గం గుంతలో కాళ్ళు దించి కూర్చుని నేస్తున్నాడు. గుమ్మంలో ట్రంకు పెట్టె చూడగానే, పేక పోగు దూర్చే నాడె చేతిలోనే ఆగింది.

"ఏమ్మా, మళ్ళీ వస్తివి? హాస్టల్లో చోటు లేదన్నారా?"

"నేను హిందూపురం పోనే లేదు నాయనా. పెనుకొండలో దిగినా."

"పెనుకొండలో మనకెవరుండారు?"

ఆమె ఫారం తీసి ఇచ్చింది. ఆయన చేతులు పంచెకు తుడుచుకుని అందుకున్నాడు. ఇంగ్లీషు అక్షరాలు. తలకిందులుగా పట్టుకున్నానేమో అని ఒకసారి తిప్పి చూసి, కూతురికే తిరిగిచ్చాడు. "ఏమని రాసుండాది?"

"నర్సు ట్రైనింగు. అనంతపురంలో. ఈడ తండ్రి సంతకం పెట్టాల."

చెన్నకేశవులు కోపిష్టి కాదు. కోపిష్టి అయినా బాగుండేది, నాలుగు అరుపులు అరిచి చల్లబడేవాడు. ఆయన చాలాసేపు మగ్గం మీది చీరనే చూస్తూ కూర్చున్నాడు.

"అక్షరాలు నేర్పాల్సినదానివి. పరాయివాళ్ళ పక్కగుడ్డలు ఎత్తేదానికి పోతావా?" అన్నాడు చివరికి. "బడికి పోతే ఊరు లేచి నిలబడతాది. ఆస్పత్రికి పోతే ఊరు ఏమంటాదో నా నోటితో నేను అనలేను. తెల్లకోక కట్టుకున్న ఆయమ్మలను బస్సులో జనం ఎట్ల చూస్తారో నేను చూసినా."

"నేనూ చూసినా నాయనా. అయినా పోతా."

"సంతకం పెట్టను. రేపు పొద్దున బండికి నేనే వచ్చి హిందూపురంలో దిగబెడతా." గొంతు తగ్గించాడు. "మూడు దినాల కింద నగుతా ఎక్కినావు గదా. ఏంటికి మనసు మార్చుకున్నావో అదన్నా చెప్పు."

చెప్పడానికి నోరు తెరిచింది. ఆయన మోకాళ్ళ పక్కన, గుంత మట్టిగోడలో చిన్న గూడు ఉంది. రోజూ కత్తి ఉండే గూడు అది. ఇప్పుడు ఖాళీగా ఉంది. కత్తి ఎక్కడికి పోయిందో ఆమెకు అర్థమై, తెరిచిన నోరు మూసుకుంది.

ఆ వీధిలో ఒక వాడుక ఉంది. బిడ్డ పుట్టగానే బొడ్డుపేగును మగ్గం మీద నిలువునా సాగిన పడుగు చివర్నుంచి తీసిన పట్టుపోగుతోనే కట్టాలి. మగ్గం కత్తితోనే కోయాలి. పడుగంత పొడుగు ఆయుష్షు, తాతల నాటి చేతిపనితనం రెండూ బిడ్డకు వస్తాయని నమ్మకం. ఆ కత్తికి పసుపు పెడతారు, కుంకుమ పెడతారు, కొంగుతో తుడుస్తారు. నిప్పు మాత్రం తగలనివ్వరు, వేడినీళ్ళు తగలనివ్వరు. తగిలితే అందులోని అమ్మవారు లేచిపోతుందట. ఏడాది పొడుగునా అది ఉండేది గుంతలోని తడిమట్టి గూట్లో. వాళ్ళు బిడ్డకు చెడు తలపెట్టి చేసిందేదీ లేదు. ఇంట్లో ఉన్నవాటిలో అన్నిటికన్నా మంచిదాన్నే తెచ్చి బిడ్డకు కట్టారు. అందుకే వాళ్ళ మీద నాకు కోపం రాదు, ఏడుపే వస్తుంది.

రెండేళ్ళ కింద చౌడేశ్వరి వదిన నీలావతికి తొలి కాన్పు జరిగింది. కాన్పు చేసింది చెన్నకేశవులు తల్లి, అవ్వ కుళ్ళాయమ్మ. తల్లి లేని చౌడేశ్వరిని పెంచిందీ, వీధిలో ముప్పై ఏళ్ళుగా అందరికీ కాన్పులు చేసిందీ ఆ అవ్వే. "పోయి మంచి పోగు చూసి తే పో" అంది అవ్వ. చౌడేశ్వరి పరుగున వెళ్ళి, ఎర్రటి పోగు ఏరి, కత్తితో సహా తెచ్చి ఇచ్చింది. మగబిడ్డ. ఏడు రోజులు చక్కగా పాలు తాగాడు. ఎనిమిదో రోజు దవడలు బిగుసుకున్నాయి. బాలగ్రహం అంది వీధి. చౌడేశ్వరి కూడా అదే అనుకుంది, మొన్న పెనుకొండలో ఆ బిడ్డను చేతుల్లోకి తీసుకునేదాకా.

ఇప్పుడు నీలావతికి మళ్ళీ నెలలు నిండాయి. నిజం చెబితే కన్నతల్లిలా పెంచిన అవ్వను వేలెత్తి చూపినట్టు. ఇవాళో రేపో కనబోయే వదిన గుండె పగలగొట్టినట్టు. చెప్పకపోతే అదే కత్తి మళ్ళీ దిగుతుంది. మూడు రోజులు ఆలోచించినా ఆమెకు దారి కనబడలేదు. పిరికిదారి ఒకటి మిగిలింది. నిజం దాచి, కత్తిని ఉడకబెట్టడానికి అవ్వను ఎలాగో ఒప్పించడం. ఆ దారే పట్టింది. "నాకు ఇష్టం నాయనా, అంతే" అని తండ్రికి చెప్పి లోపలికి నడిచింది. వెనక మగ్గం మళ్ళీ మొదలైంది, ముందుకన్నా గట్టిగా.

కుళ్ళాయమ్మ వెనక వసారాలో కూర్చుని పాతచీరలు చింపి పొత్తిగుడ్డలు చేస్తోంది. డెబ్బై ఏళ్ళ మనిషి, ముఖం వెలిగిపోతోంది.

"వస్తివా తల్లీ. నువ్వు లేకుండా ఎట్ల కానిచ్చేదా అనుకుంటాండా. మీ అన్న ఓబులేసు చీరలు తీసుకోని మడకశిర పాయె, నాలుగు దినాలకు గాని రాడు. ఈసారి పోగు నేనే తీసి పెట్టినా. పచ్చది. పోయినసారి ఎర్రది అచ్చిరాలేదు. అమ్మవారికి పచ్చే ఇష్టమంట, పూజారి చెప్పినాడు. కత్తి, పోగు ఇత్తడి పెట్టెలో పెట్టి పురిటింట్లో దాచినా."

ఎర్రది అచ్చిరాలేదు. రెండేళ్ళుగా ఈ ముసలామె రంగు గురించి ఆలోచిస్తూ ఉందన్నమాట. చౌడేశ్వరి ఆమె ఎదురుగా కూర్చుంది.

"అవ్వా, ఒక మాట వింటావా? ఆ కత్తిని, పోగును ఇరవై నిమిషాలు సలసల కాగే నీళ్ళలో ఉడకబెడదాం. ఆ మీద నువ్వే కొయ్యి, నువ్వే కట్టు."

అవ్వ నవ్వింది. ఈ పిల్ల నవ్వడం లేదని చూసి, నవ్వు ఆపింది. "కత్తికి వేడి తగలగూడదు. మా అత్త చెప్పింది. ఆయమ్మకు వాళ్ళ అత్త చెప్పింది."

"ఈ ఒక్కసారికి అవ్వా."

"ఒక్కసారికైనా పోయిన అమ్మవారు మళ్ళీ వస్తాదా?" చింపుతున్న గుడ్డ ఒళ్ళో పెట్టింది. "పది చదివేసరికి నా చెయ్యి నీకు రోత పుట్టిందా చౌడీ? ఈ వీధిలో నడిచేవాళ్ళలో సగం మంది ఈ చేతుల్లోకి వచ్చినోళ్ళే."

"మిగిలిన సగం, అవ్వా?"

"మిగిలిన సగమేంది?"

"నడిచే వయసు దాకా రానోళ్ళు."

అనకూడదనుకున్న మాట బయటపడింది. బయటపడ్డాక ఆపడం ఆమె వల్ల కాలేదు. పెనుకొండ బిడ్డ సంగతి, కొడవలి సంగతి, యశోదమ్మ చెప్పిన సంగతి, అంతా చెప్పేసింది. బాలగ్రహం కాదవ్వా, పోగు రంగు కాదు, గుంతలో మట్టి అని చెప్పింది. చెబుతూ అవ్వ మోకాళ్ళు రెండు చేతులతో పట్టుకుంది. ఎప్పుడు ఆగిందో గాని మగ్గం చప్పుడు ఆగిపోయింది.

అవ్వ వాదించలేదు. ఒట్టు పెట్టలేదు. చెయ్యి చాపి, వేలి కణుపుల మీద బొటనవేలు ఆనించి లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

"తిప్పన్న కొడుకు. ఎనిమిదో దినం. సుంకప్ప కూతురు. ఏడో దినం. పెద్దప్ప కవలపిల్లలు, ఇద్దరూ..." ఒక చెయ్యి అయిపోయింది. రెండో చెయ్యి తీసింది. "మన నీలా బిడ్డ." "మీ నాయనకు ముందర ఇద్దరు. వెనక ఒకరు. ఆ ముగ్గురికీ కోసింది మా అత్త. అదే కత్తి." ఆమె తన చేతులను ఎవరివో అన్నట్టు చూసుకుంది. "నా ముగ్గురు పోయిన కత్తినే నేను పసుపు పెట్టి దాచుకున్నానా చౌడీ?"

"చాలమ్మా."

చెన్నకేశవులు వసారా గుమ్మంలో నిలబడి ఉన్నాడు. కూతురి వైపు చూసిన చూపులో ఇంతకుముందటి నెమ్మది లేదు. "వీధి వీధంతా చేతులెత్తి మొక్కే మనిషి నా తల్లి. డెబ్బై ఏండ్ల వయసులో ఆమె మెడకు ఇన్ని చావులు కట్టినావు. ఇది నేర్చుకునేదానికా పెనుకొండలో దిగినావు? పో. నా కండ్ల ముందర ఉండాకు."

"ఆ పోగు తెచ్చిచ్చింది ఎవరు?"

ముగ్గురూ తిరిగి చూశారు. నీలావతి నడవలో గోడ పట్టుకుని నిలబడింది. ఎంతసేపటి నుంచి వింటోందో తెలియదు. ఆమె అడుగుతున్నది అవ్వను కాదు.

"ఆ దినం నేను నొప్పుల్లో ఉండా, నాకు కనపడలే. పోగూ కత్తీ తెచ్చిచ్చింది ఎవరు చౌడీ?"

"నేనే వదినా."

"ఎర్రదా?"

"ఎర్రది. బాగుండాదని ఏరి తెచ్చినా."

నీలావతి తల ఊపింది. "నా పాలు మంచివి కాకనే గ్రహం పట్టిందంటిరి గదా అందరూ. రెండేండ్లు నేను గూడా అట్లనే అనుకున్నా. బిడ్డకు నేనే విషం పోసినా అనుకోని, ఈ కడుపు వచ్చినప్పటి నుంచి నిద్ర పోలే."

ఆ మాట పూర్తయీ కాకముందే ఆమె రెండు చేతులతో గోడను గట్టిగా పట్టుకుంది. పాదాల దగ్గర నేల తడిసింది. ఉమ్మనీరు. అవ్వ ముప్పై ఏళ్ళ అలవాటు చొప్పున లేచి రెండు చేతులూ చాపింది.

"నన్ను ముట్టొద్దు అవ్వా. మీరెవ్వరూ ముట్టొద్దు."

గోడ పట్టుకుని నాలుగడుగులు నడిచి నీలావతి పురిటింట్లోకి వెళ్ళింది. లోపల గడియ పడింది. ఇత్తడి పెట్టె ఆ గదిలోనే ఉంది.

తర్వాత కాసేపు ఆ ఇంట్లో ఎవరి మాట ఎవరికీ పట్టలేదు. చెన్నకేశవులు తలుపు బాదాడు. చౌడేశ్వరి బతిమాలింది. ఆ వీధిలో ఆడవాళ్ళు ఆస్పత్రిలో కనడం ఎరగరు, అక్కడుండేది మగ డాక్టరు. కాన్పులు చేయడం కొంత తెలిసిన ఉలిగమ్మను పిలిస్తే ఆమె కోసేదీ మగ్గం కత్తితోనే. ఎంత పిలిచినా లోపలినుంచి మూలుగు తప్ప మాట లేదు. చివరికి నీలావతి గొంతు వినిపించింది. "ఆ పెనుకొండ నర్సమ్మ వస్తే తీస్తా మామా. ఇంకెవరికీ తియ్యను."

గోడగడియారంలో రెండుంపావు. మూడింటికి ఒక బండి ఉంది. అది పట్టుకుంటే, యశోదమ్మ వెంటనే బయల్దేరితే, ఏడు గంటల బండికి తిరిగి రావచ్చు. చెన్నకేశవులు చొక్కా తొడుక్కున్నాడు. గుండీలు ఒకటి విడిచి ఒకటి పెట్టుకున్నాడు. చౌడేశ్వరి చేతిలోంచి ఎప్పుడో జారి కిందపడి ఉన్న ఫారం వంగి తీశాడు.

"ఆయమ్మ పేరు దీంట్లో ఉండాదా?"

"కింద ఉండాది నాయనా. యశోదమ్మ. చూపిస్తే ఆస్పత్రిలో ఎవరైనా చెప్తారు."

దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. చించలేదు, సంతకం పెడతానని అనలేదు. గుమ్మం దగ్గర ఆగి, "నేను వచ్చేలోగా..." అని ఏదో చెప్పబోయి, చెప్పలేక వీధిలోకి పరుగెత్తాడు. చెన్నకేశవులు పరుగెత్తడం ఆ వీధి ఎప్పుడూ చూడలేదు.

చౌడేశ్వరి పొయ్యి మీద పెద్ద దబర పెట్టి నీళ్ళు కాచింది. ఎందుకో ఆమెకే తెలియదు, తలుపు మూసే ఉంది. నీళ్ళు సగం ఇంకిపోతే మళ్ళీ పోసింది. మూడింటికి బండి కూత వినిపించింది. మూడున్నరకు నొప్పికీ నొప్పికీ మధ్య ఎడం బాగా తగ్గింది. రెండో కాన్పు, ఏడు గంటల దాకా ఆగదు. ఆ సంగతి చౌడేశ్వరి కంటే అవ్వకు బాగా తెలుసు. అవ్వ పురిటింటి గడప పక్కన కూలబడి, ఆ మూలుగులను బట్టే లోపల ఏం జరుగుతోందో లెక్కకడుతూ, నోరు మెదపకుండా ఉంది. తనకు తెలిసింది చెప్పే హక్కు కూడా పోయిందనుకుంది పాపం.

నాలుగు కొట్టాక ఒక పెద్ద కేక వినిపించింది. తర్వాత నిశ్శబ్దం. చౌడేశ్వరి తలుపుకు చెవి ఆనించింది. గడియ మెల్లగా కదిలింది. తలుపు జానెడు తెరుచుకుని, చెమటతో తడిసిన చెయ్యి ఒకటి బయటికొచ్చింది. చేతిలో ఇత్తడి పెట్టె.

"ఉడకబెట్టు చౌడీ" అంది నీలావతి. "ఇంక నావల్ల కాదు."

చౌడేశ్వరి అందుకునేలోపే అవ్వ లేచింది. పెట్టె మూత తీసి కత్తిని రెండు కళ్ళకూ అద్దుకుంది. పొయ్యి దగ్గరికి నడిచి, నాలుగు తరాల్లో ఎన్నడూ వేడి ఎరగని ఆ కత్తిని తన చేత్తోనే కాగే నీళ్ళలో వేసింది. వెనకే పచ్చపోగూ వేసింది.

"అమ్మవారు పోతే పోనీ" అంది. "బిడ్డ ఉండాల."

చౌడేశ్వరి యశోదమ్మ చెప్పినట్టు మోచేతుల దాకా సబ్బుతో రెండుసార్లు తోముకుని లోపలికెళ్ళింది. లోలోపల ఒక్కో మెట్టూ అప్పజెప్పుకుంటోంది. ముందు తల కనబడుతుంది, గట్టిగా లాగకూడదు, మెడ చుట్టూ పేగు ఉందేమో చూడాలి. వదిన కాళ్ళ దగ్గర మోకరిల్లి చూసింది. చూసింది ఏమిటో ఆమెకు ఒక క్షణం తెలియలేదు.

గడప బయటే నిలబడి మెడ చాపి చూసిన అవ్వకు తెలిసింది. "చౌడీ," అంది, వినీ వినబడనట్టు. "అది తల కాదు. కాలు."

పెనుకొండలో చౌడేశ్వరి చూసిన ఆ ఒక్క కాన్పులో ముందు వచ్చింది తలే. ఆమె చేతులు గాలిలోనే ఆగిపోయాయి.

"నీకు తెలుసా అవ్వా ఇది?"

"పదకొండు తీసినా" అంది అవ్వ. అంత తెలిసినా ఆమె గడప దాటలేదు. ముట్టొద్దన్న మాటను కొంగులో ముడేసుకున్నట్టు రెండు చేతులూ వెనక దాచుకుని నిలబడింది.

చౌడేశ్వరి లేచి వెళ్ళి అవ్వ చేతిని ముందుకు లాగి, అరచేతిలో సబ్బుముక్క పెట్టింది. నీళ్ళచెంబు తనే ఎత్తి పట్టుకుంది.

"వదినా," అంది. "నువ్వు ఒక్క మాట చెప్పాల."

నీలావతి కళ్ళు తెరిచి, ఆ చేతుల వైపు చూసింది.